భోజ్‌పురికి అందిన మైకు వరంగల్ యాసకు ఎందుకు అందలేదు?

ఐపీఎల్ మొదలైతే చాలు, హన్మకొండ చాయ్ హోటళ్లలో రిమోట్ పంచాయితీ కూడా మొదలవుతుంది. తెలుగు పెట్టమని ఒకరంటే, హిందీయే ఉంచమని ఇంకొకరు. ఈ మధ్య దానికి ఇంకో మాట తోడైంది. తెలుగు పెడితే పెట్టండి గానీ, 'కొట్టిండు', 'ఉరికిండు' అనే తెలుగు వినిపించండి అని. ఇది ఉత్తి పట్టింపు అని కొట్టిపారేసేవాళ్లు 2023 వేసవిని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆ ఏడాది నుంచి ఐదు ఐపీఎల్ సీజన్ల డిజిటల్ హక్కులను వయాకామ్18 కంపెనీ రూ.23,758 కోట్లకు కొన్నది. అంత డబ్బు పెట్టినవాళ్లకు ఊరూరా ప్రతి ఫోనూ కావాలి. వాళ్ల యాప్ జియోసినిమాలో మ్యాచ్‌లు ఉచితంగా, 12 భాషల్లో వచ్చాయి. ఆ పన్నెండిట్లో భోజ్‌పురి ఉంది. నటుడు, ఎంపీ రవికిషన్ గొంతులో వచ్చిన ముక్కలు ఆ భాష రానివాళ్ల ఫోన్లలోనూ తిరిగాయి. మరుసటి ఏడాది హర్యాన్వీ వచ్చింది. వీరేంద్ర సెహ్వాగ్ అందులో తన ఇంటి మాట మాట్లాడాడు.

నా లెక్కలో అసలు మలుపు ఇదే. జనాభా లెక్కల్లో భోజ్‌పురిని, హర్యాన్వీని హిందీ కిందే కలిపి చూపిస్తారు. హిందీ కామెంటరీ ఉండగానే ఈ రెండింటికీ వేరే మైకులు ఇచ్చారు. 2011 లెక్కల ప్రకారం హర్యాన్వీ మా మాతృభాష అని చెప్పినవాళ్లు కోటి లోపే. అదే ఏడాది తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. ఇంట్లో మాట్లాడే మాటలో ఆట చెప్పొద్దనే నియమం 2023లో పోయింది. పోయిన సంగతి మన దగ్గర ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ హిందీ వైపు మొగ్గు ఎందుకుందో కూడా చెప్పుకోవాలి. అది నిన్నమొన్నటిది కాదు. ఆకాశవాణిలో టెస్టు మ్యాచ్ వస్తే కాసేపు ఇంగ్లీష్, కాసేపు హిందీ. కలకత్తా నుంచి బెంగాలీలో, మద్రాసు నుంచి తమిళంలో వినిపించిన రోజులున్నాయి గానీ, మా ఇంటి రేడియోలో మాత్రం ఆ రెండే. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న పెద్దలకు హిందీ కామెంటరీ పరాయిగా అనిపించలేదు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో, సింగరేణి కాలనీల్లో హిందీ ఎప్పుడూ వినపడే భాషే.

1975 మార్చిలో కౌలాలంపూర్‌లో హాకీ ప్రపంచకప్ ఫైనల్. మనం పాకిస్థాన్‌ను 2-1తో ఓడించిన మ్యాచ్. మా పెద్దబాపు ట్రాన్సిస్టర్‌ను చెవికి ఆనించుకుని, అరుగు మీద కూర్చున్నాడు. హిందీ కామెంటేటర్ జస్‌దేవ్ సింగ్ గొంతు పరుగులు పెడుతోంది. మాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. పెద్దబాపు ఒక చేత్తో మమ్మల్ని ఆపుతూ, మధ్యమధ్యలో చెప్తున్నాడు: "ఆగున్రి... మనోళ్లు గుంజుకున్నరు... ఇగ పోతున్నరు... పాయె, కొట్టిండ్రు!" నేను విన్న మొదటి తెలుగు కామెంటరీ అదే. ఆ యాసలో ఆట ఆగమైందని మాలో ఎవరికీ అనిపించలేదు.

2018లో టీవీలో ఐపీఎల్ ఆరు భాషల్లో వచ్చింది, అందులో తెలుగు ఒకటి. దాని వల్ల జరిగిన మేలు నేను మా ఇంట్లోనే చూశాను. అంతకుముందు మ్యాచ్ వస్తే లేచి వంటింట్లోకి పోయే మా అమ్మ, ఇప్పుడు రివ్యూ అడగాలా వద్దా అని అంపైర్ కంటే ముందే తీర్పు చెప్తుంది. వెంకటపతి రాజు, ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటి ఆడినవాళ్లు వచ్చి చెప్పడం చిన్న విషయం కాదు. ప్రసాద్‌ది గుంటూరు, వేణుది విశాఖ. ఎవరి నోటికి వచ్చిన మాట వాళ్లు మాట్లాడతారు, అందులో తప్పు లేదు. మా మాట కూడా అక్కడ ఉండాలన్నదే అడిగేది.

దీనికి ఎదురుమాట ఉంది. రెండు రాష్ట్రాల్లో అందరికీ అర్థమయ్యే ఒక్క తెలుగు చాలని, చీలిస్తే చూసేవాళ్లు తగ్గుతారని అంటారు. వార్తల విషయంలోనూ ఇదే అన్నారు. వీ6 చానల్‌లో తెలంగాణ యాసలో తీన్మార్ వార్తలు వచ్చాక ఆ మాట నిలబడలేదు. నాకు భయం ఇంకోటి. యాస అనగానే నవ్వించడానికే వాడుకుంటారేమోనని. సినిమాల్లో చాలాకాలం జరిగింది అదే.

కానీ యాసలో ఆటను ఆటగా చెప్పేవాళ్లు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నారు. నర్సంపేట వైపు ఒక ఊళ్లో సంక్రాంతి కబడ్డీ పోటీలకు పోయాను. మైకు పట్టుకున్నాయన గొంతు అప్పటికే బొంగురుపోయింది. రెండు పాయింట్ల తేడా, చివరి కూత. "బోనస్ లైను మీద కాలు పెట్టిండు... ఎడమ పక్క పోరడు ఎనుకకు జరుగుతుండు... పట్టిండ్రు, నడుము పట్టిండ్రు, ఇడువకున్రి..." అంటూ ఆయన ఎవరు ఎక్కడున్నారో ఒక్కటీ వదల్లేదు. గుంపు వెనక నిలబడిన నాకు కోర్టు కనపడట్లేదు. కూతకు పోయినవాడి వేళ్లు నడిగీతకు జానెడు దూరంలో ఆగాయని నాకు ఆ మైకులోనే తెలిసింది.