సోలార్ పాఠం: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ బడుల్లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలతో సౌరశక్తి ప్రాజెక్టులు చేయిస్తుంటాను. పాఠానికి ఎక్కువగా అడ్డుపడేది పెద్దలు ముందే నిశ్చయించుకున్న సంగతులే.

అపోహ: ఎండ ఎంత మండితే ప్యానెల్ అంత కరెంటు ఇస్తుంది.

వాస్తవం: ప్యానెల్‌కు కావలసింది వెలుతురు. వేడి దానికి చేటు. సిలికాన్ ప్యానెల్ వేడెక్కేకొద్దీ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.3 నుంచి 0.5 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది. దాని సామర్థ్యాన్ని లెక్కగట్టేది 25 డిగ్రీల దగ్గర. మే నెలలో మన డాబాల మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటడం మామూలే. ఈ మాట ఊరికే చెబితే పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా. అందుకే నీడలో చల్లగా ఉన్న 6 వోల్టుల చిన్న ప్యానెల్‌ను ఎండలో పెట్టి, వెంటనే మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడమంటాను. పావుగంట కదపకుండా ఉంచి మళ్లీ చూస్తే తగ్గి ఉంటుంది. వెనకవైపు తడిగుడ్డ అద్దితే అంకె మెల్లగా పైకి వస్తుంది. వెలుతురు మారలేదు, వంపు మారలేదు, మారింది వేడి ఒక్కటే అని వాళ్లే పట్టుకుంటారు. ప్యానెల్ కింద గాలి ఆడేలా స్టాండు ఎత్తు పెంచుదామని వాళ్లలోనే ఎవరో అంటారు. సైన్స్ ఫెయిర్ బహుమతి కంటే నాకు ఆ స్టాండు ముఖ్యం.

అపోహ: మోటారు తిరిగితే ప్రాజెక్టు పూర్తయినట్టే.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. అదే ప్యానెల్‌ను ట్యూబులైటు కింద పెడితే మల్టీమీటర్ వోల్టేజీ చూపిస్తుంది, మోటారు మాత్రం కదలదు. దాన్ని తిప్పేంత కరెంటు ఆ వెలుతురుకు పుట్టదు. వోల్టేజీ వేరు, కరెంటు వేరు అని ఇంత సూటిగా చూపే ప్రయోగం నాకు మరొకటి తెలియదు. ప్యానెల్‌లోని ఒక్కో సిలికాన్ సెల్ ఇచ్చేది సుమారు అర వోల్టు; ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు 2 వోల్టులు కావాలి. ఎన్ని సెల్స్‌ను శ్రేణిలో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలపాలో పిల్లలే లెక్క వేయాలి. కలిపాక ఒక్క సెల్‌ను అరచేత్తో కప్పితే చాలు, లైటు ఆరిపోతుంది. డాబా మీద నీళ్ల ట్యాంకు నీడ ఎందుకు నష్టమో అప్పుడు అర్థమవుతుంది. తీగలన్నీ ముందే అతికించి ఇచ్చే కిట్లలో ఈ అవకాశం ఉండదు. విడి సెల్స్, మోటార్లు కోఠిలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి.

అపోహ: మధ్యాహ్నం సూర్యుడు రోజూ నడినెత్తినే ఉంటాడు.

వాస్తవం: హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదికి రెండుసార్లే, మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి. డిసెంబరు 21 మధ్యాహ్నం మీటరు కర్ర నీడ ఉత్తరానికి సుమారు 86 సెంటీమీటర్లు పడుతుంది. బడులు తెరిచిన కొత్తలో, జూన్ 21న, చిన్న నీడ దక్షిణానికి పడుతుంది. ప్యానెల్ వంపు ఎంత ఉండాలో ఈ కర్రతోనే తేల్చవచ్చు.

అపోహ: కరెంటుతో పని, పిల్లలకు ప్రమాదం.

వాస్తవం: 6 వోల్టుల ప్యానెల్ షాక్ కొట్టదు. జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి: సోలార్ కుక్కర్ అద్దం కంట్లోకి కొట్టే వెలుగు, పాత ఫోన్ల నుంచి పీకిన లిథియం బ్యాటరీలు. ఆ బ్యాటరీలను నేను తరగతిలోకి రానివ్వను.