పాత కంప్యూటర్‌లో కెమెరా కార్డు

కావలిలో మా బాబాయి ప్రెస్సులో 1990ల నాటి 486 రకం కంప్యూటర్ ఒకటి ఇంకా పనిచేస్తోంది. పాత శుభలేఖల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. పోయిన ఎండాకాలం దాని హార్డ్‌డిస్క్ టక్కు టక్కుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వింటేనే నాకు టెన్షన్. తిరిగే పళ్లెం మీద చదివే హెడ్ తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి వస్తోందన్నమాట. ఎలాగో ఫైళ్లు కాపీ చేసుకున్నాం. అలాంటి డిస్కులు మాత్రం ఇప్పుడు కొత్తవి తయారు కావడం లేదు.

నెల్లూరులో ఫొటో స్టూడియో నడిపే మిత్రుడి సొరుగులో పాత కెమెరాల కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డులు పడి ఉన్నాయి. హార్డ్‌డిస్క్ బదులు వాటిలో ఒకటి పెడదామనుకున్నాం. 1994లో శాన్‌డిస్క్ తెచ్చిన రకం ఇది. హార్డ్‌డిస్కులు మాట్లాడే ఏటీఏ భాష దీనికి పుట్టుకతోనే వచ్చు. కరెంటు అందేటప్పుడు 9వ పిన్ను గ్రౌండ్‌కు కలిసి ఉంటే చాలు, కార్డు అచ్చం ఐడీఈ డిస్కులాగే (ఆ పాత కంప్యూటర్లలో ఉండే హార్డ్‌డిస్క్ రకం) మసలుకుంటుంది. అందుకే కార్డును డిస్క్ కేబుల్‌కు తగిలించే అడాప్టర్‌లో పెద్ద సరంజామా ఉండదు. కార్డు 50 పిన్నులను కేబుల్ 40 పిన్నులకు కలిపే తీగలే ముఖ్యం. ఎస్‌డీ కార్డు భాష వేరు, దానికి మధ్యలో దుబాసీ చిప్ కావాలి.

అసలు చిక్కు బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే డిస్కును గుర్తుపట్టే ప్రోగ్రామ్) దగ్గర వచ్చింది. 4 జీబీ కార్డు పెడితే 504 ఎంబీకి మించి వాడుకోలేకపోయాం. డిస్కు చోటును సిలిండర్లు (పళ్లేల మీది వలయాల వరుసలు), హెడ్లు, సెక్టార్లు (వలయంలో ముక్కలు) అని లెక్కిస్తారు. పాత బయాస్ 1024 సిలిండర్లు దాటి లెక్కపెట్టలేదు. ఐడీఈ వైపు హెడ్లు 16కి మించవు. ఒక్కో ట్రాక్‌కు 63 సెక్టార్లు, సెక్టార్‌కు 512 బైట్లు. రెండు వైపుల నుంచీ తక్కువ హద్దే చెల్లుతుంది కాబట్టి, అన్నీ గుణిస్తే 52,84,82,304 బైట్లు, అంటే సరిగ్గా 504 ఎంబీ. ఆ అంకెలే సెటప్‌లో చేత్తో టైప్ చేశాం. ఆ కంప్యూటర్‌ను నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్‌కు, శుభలేఖలకు అంత చోటు ధారాళం.

ఈ కార్డుల్లో ఉండే ఫ్లాష్ మెమరీలో చెరిపి రాసే ప్రతిసారీ సెల్ లోపలి సన్నటి పొర కొంచెం అరుగుతుంది. విండోస్ 95 లాంటిదయితే స్వాప్ ఫైల్ (ర్యామ్‌లో పట్టనిది డిస్కులో దాచుకునే ఫైల్) పేరుతో అస్తమానం రాస్తూ ఉంటుంది. ర్యామ్ తక్కువైతే మరీను. డాస్ మనం సేవ్ చేసినప్పుడే రాస్తుంది కాబట్టి నాకా బెంగ లేదు.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు డిస్క్ గిర్రుమనే చప్పుడు లేకపోయేసరికి బాబాయి, "ఏందబ్బయా, ఆన్ కాలా?" అన్నాడు. అప్పటికే స్క్రీన్ మీద డాస్ సిద్ధమని చెప్పే సీ ప్రాంప్ట్ వచ్చేసింది.

ఇప్పుడు శనివారం సాయంత్రం మెషిన్ ఆపేసి, కార్డు తీసి రీడర్‌లో పెట్టి, ఫైళ్లన్నీ కొత్త కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంటున్నాడు. ఇదివరకు ఈ పనికి 1.44 ఎంబీ ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి మార్చేవాడు.