జమ్ము వేళ్ల దగ్గర ఆగే మందులు

మనం మింగిన మందు మొత్తం ఒంట్లోనే ఖర్చయిపోదు. అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్‌లో సగానికి పైగా ఏ మార్పూ లేకుండా మూత్రంతో బయటికి వచ్చి మురుగులో కలుస్తుంది. మామూలు శుద్ధి కేంద్రాలను కుళ్లే పదార్థాన్ని తీసివేయడానికి కట్టారు. లీటరు నీటిలో మైక్రోగ్రాముల లెక్కన ఉండే మందులను పట్టుకోవడం వాటి పని కాదు.

ఈ పనిలో కొంత భాగాన్ని కృత్రిమ చిత్తడి నేలలు చేయగలవు. నీరు ఇంకకుండా అడుగు కట్టిన మడిలో కంకర పోసి, జమ్ము, కిక్కసగడ్డి, మెట్టతామర వంటి మొక్కలు నాటి, మురుగును ఆ కంకర గుండా నెమ్మదిగా పారిస్తారు. జర్మనీలో 1950లలో కేటే జైడెల్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలతో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. జమ్ము ఆకును అడ్డంగా కోస్తే లోపల స్పాంజిలాగా గాలి గదులు కనిపిస్తాయి. వాటి గుండా గాలి వేళ్ల దాకా దిగుతుంది. అందుకే మడిలోంచి ఒక మొక్కను పెకలించి చూస్తే వేరును అంటుకుని తుప్పు రంగు పొర ఉంటుంది. కాస్త దూరంలోనే కంకర నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. మొదటిది ఆక్సిజన్ ఉన్న చోటు, రెండోది లేని చోటు. రెండు చోట్లా బతికే సూక్ష్మజీవులు వేరు గనుక, ఒకటి విడగొట్టలేని మందును మరొకటి విడగొట్టే వీలుంది. నా దృష్టిలో ఈ పద్ధతికి అసలు బలం ఇదే.

అయితే అన్ని మందులూ ఒకేలా లొంగవు. పారాసెటమాల్, గాలి బాగా ఆడే మడుల్లో ఐబుప్రొఫెన్ సులువుగానే విచ్ఛిన్నమవుతాయి. నొప్పులకు వాడే డైక్లోఫెనాక్‌ను నేల కింది కంకర కంటే ఎండ తగిలే తేటనీటి మడుగు బాగా విడగొడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మట్టికి, పూడికకు అతుక్కుపోతుంది, అంటే నీటిలోంచి పోయినా మడిలోనే మిగిలి ఉండవచ్చు. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ మాత్రం చాలావరకు చెక్కుచెదరకుండా దాటిపోతుంది.

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు గురించి ఇక్కడ చెప్పక తప్పదు. సుమారు 90 బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కర్మాగారాల వ్యర్థజలాన్ని అప్పట్లో తీసుకున్న అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక వెలువడిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. చికిత్స తీసుకునే రోగి రక్తంలో కూడా అంత గాఢత ఉండదు. అలాంటి నీటిని జమ్ము మడికి వదిలితే శుద్ధి చేయవలసిన సూక్ష్మజీవులే చస్తాయి, లేదా మందుకు లొంగని రకాలు అక్కడ పెరుగుతాయి. ఆ మందును కర్మాగారం గడప లోపలే పట్టుకోవాలి.

చిత్తడి మడి సరిపోయేది పల్లెలకు, హాస్టళ్లకు, శివారు కాలనీలకు, ముందుగా కొంత శుద్ధి చేసి పంపే చిన్న ఆసుపత్రులకు. చల్లని దేశాల్లో మనిషికి సుమారు 5 చదరపు మీటర్ల చోటు లెక్కవేస్తారు. మన ఎండకు అంతకంటే తక్కువ చాలు. కోసిన జమ్మును మాత్రం పశువులకు మేతగా వేయకూడదు, ఎందుకంటే కార్బమజెపిన్ వంటివి వేళ్ల నుంచి ఎక్కి ఆకుల్లో పోగుపడతాయి.