మెథడోన్ మీద అనుమానం ఎప్పటిది?

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తారా?" హెరాయిన్‌కు అలవాటుపడిన పిల్లాడికి డాక్టరు దాని బదులు వాడే మెథడోన్ అనే మందు రాస్తే, ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఇదే. ఆ భయాన్ని తప్పుపట్టలేం. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గు మందుగానే మార్కెట్లోకి తెచ్చింది. అది మార్ఫిన్‌లా అలవాటు కాదని చాలామంది డాక్టర్లే నమ్మారు.

ఆ నమ్మకం తప్పని తేలి దెబ్బ తిన్నాక అమెరికా మరీ బిగిసిపోయింది. వ్యసనంలో ఉన్నవాళ్లకు బాధలు రాకుండా మార్ఫిన్ రాస్తూ పోవడం వైద్యం కిందికి రాదని 1919లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టర్ల మీద కేసులు పడ్డాయి, క్లినిక్‌లు మూతపడ్డాయి. బ్రిటన్‌లో ప్రభుత్వం వేసిన రోలెస్టన్ కమిటీ మాత్రం 1926లో వ్యసనాన్ని జబ్బుగానే చూసింది.

మలుపు 1964లో వచ్చింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే డాక్టర్లు ముందు హెరాయిన్ అలవాటున్న ఇద్దరు రోగులకు మార్ఫినే ఇచ్చి చూశారు. రోజంతా టీవీ ముందు కూర్చోవడం, తర్వాతి డోసు ఎప్పుడని అడగడం తప్ప వాళ్లకు వేరే ధ్యాస లేదు. మెథడోన్‌కు మార్చాక ఒకతను బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. రెండో అతను చదువు పూర్తిచేస్తానన్నాడు. మందు వల్ల జరిగేదేమిటో నాకు ఈ ఇద్దరి కథలోనే బాగా అర్థమైంది. హెరాయిన్ ప్రభావం కొన్ని గంటలే. దిగగానే ఒళ్లునొప్పులు, వాంతులు, భరించలేని టెన్షన్. మెథడోన్ నెమ్మదిగా ఎక్కి, రోజంతా నిలకడగా ఉంటుంది. డోసు కోసం పరుగు ఆగితేనే మనిషికి మిగతా జీవితం గుర్తొస్తుంది.

తర్వాత ఇదే పనికి, నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్ అనే మందు వచ్చింది. ఒక స్థాయి దాటాక దాని ప్రభావం పెద్దగా పెరగదు, కాబట్టి ఊపిరి ఆగే ప్రమాదం తక్కువ. ఫ్రాన్స్‌లో 1990ల మధ్య నుంచి మామూలు డాక్టర్లు కూడా దాన్ని రాయసాగారు. 1995-99 మధ్య అక్కడ ఓవర్‌డోస్ మరణాలు ముప్పాతిక వంతుకు పైగా తగ్గాయి. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండింటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

అయినా రష్యాలో మెథడోన్ వైద్యం నేటికీ నిషిద్ధం. చాలా దేశాల్లో మొదట్లో రోజూ క్లినిక్ కిటికీ దగ్గర నిలబడి, నర్సు కళ్ల ముందే మందు తాగాలి. ఉద్యోగానికి వెళ్లాల్సినవాళ్లకు ఇది నరకం. విసిగిపోయో, ఇంట్లోవాళ్ల పోరు పడలేకో మధ్యలో మానేస్తే అసలు ప్రమాదం అప్పుడే. శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది. మళ్లీ పాత మోతాదులో హెరాయిన్ తీసుకుంటే ప్రాణమే పోవచ్చు.