అమెరికాకి నెయ్యి, కోటా గొడవ: నాకు ఫోన్లో రోజూ వినపడే అపోహలు

పోయిన వారం ఒకాయన ఫోన్ చేశాడు. "అన్నా, మాది గుంటూరు పక్కన చిన్న డెయిరీ, అమెరికాకి నెయ్యి పంపాలి, ఢిల్లీలో కోటా ఎవరిస్తారో చెప్పు, ఖర్చు ఎంతైనా పర్లేదు" అని. ఎగుమతి కాగితాల పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, కాకపోతే ఈసారి రాసి పెడదాం, ఇంకెవరైనా అడిగితే ఇదే పంపొచ్చు అనిపించింది.

అపోహ: కోటా మన ప్రభుత్వం ఇస్తుంది.

కోటా అంటే తక్కువ సుంకంతో లోపలికి రానిచ్చే సరుకు పరిమాణం, దాన్ని వాడుకోవాలంటే లైసెన్స్ ఉండాలి. అమెరికా విషయంలో అది మన చేతిలో అసలు లేదు. అక్కడి వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ, లైసెన్స్ ఇచ్చేది దిగుమతి చేసుకునేవాడికి, అంటే మీ బయ్యర్‌కి. అందులో మూడు రకాలున్నాయి: ఎప్పట్నుంచో తెచ్చుకుంటున్న పాతవాళ్లవి, ఎగుమతి చేసే దేశం ప్రభుత్వం ఎంపిక చేసి చెప్పిన దిగుమతిదారులకి దక్కేవి, లాటరీ తీసి ఇచ్చేవి. ఔను, నిజంగానే లాటరీ. దరఖాస్తులు సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 15 దాకా. అందుకే నేను ఫోన్లో మొదట అడిగేది నెయ్యి క్వాలిటీ గురించి కాదు, "మీ బయ్యర్ దగ్గర లైసెన్స్ ఉందా, ఉంటే కాపీ పంపించమను" అని.

అన్ని దేశాల్లో ఇలాగే ఉంటుందనుకోకండి. న్యూజిలాండ్‌లో కొన్ని మార్కెట్ల కోటాలు వాళ్ల ప్రభుత్వమే తమ ఎగుమతిదారులకి పంచుతుంది, దానికి 2001లో చట్టం కూడా చేసుకున్నారు. కెనడాలో అయితే దిగుమతి కోటాలో పెద్ద వాటా అక్కడి పాల ప్రాసెసర్ల చేతుల్లోనే పెట్టారని అమెరికా గొడవకి దిగింది, రెండుసార్లు వాళ్ల వాణిజ్య ఒప్పందం కింద తగాదాలు తీర్చే ప్యానెల్ దాకా పోయింది, 2021 డిసెంబర్‌లో అమెరికా వైపు, 2023 నవంబర్‌లో కెనడా వైపు తీర్పొచ్చింది. ఎన్ని టన్నులు అనేదాని కంటే కాగితం ఎవడి జేబులో ఉంది అనేదే అసలు పంచాయితీ.

అపోహ: కోటా లేకపోతే సరుకు లోపలికి రానివ్వరు.

రానిస్తారు, సుంకం కట్టుకోమంటారు అంతే. కస్టమ్స్ కోడ్ ప్రకారం నెయ్యి 0405.90 కింద వస్తుంది. కోటాలో అయితే విలువ మీద 10 శాతం. బయట అయితే కిలోకి 1.865 డాలర్లు, దానితో పాటు విలువ మీద మళ్లీ 8.5 శాతం. (ఈ మధ్య పైన వేస్తున్న అదనపు సుంకాల సంగతి వేరు, అవి వారానికో రకంగా మారుతున్నాయి, నేను చెప్తున్నది మామూలు రేటు.) లెక్క చూడండి: 15 టన్నుల కంటైనర్, కిలో 8 డాలర్లు అనుకుంటే, కోటాలో 12,000 డాలర్లు, కోటా బయట 38,175.

ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కిలోకి ఇంత అని వేసే సుంకం చవక సరుకుని ఎక్కువ కొడుతుంది. కిలో 5 డాలర్ల నెయ్యికి మొత్తం సుంకం దాదాపు 46 శాతం అవుతుంది, అదే 12 డాలర్ల నెయ్యికి 24 శాతమే. కాబట్టి డబ్బాల్లో చవగ్గా బల్క్ పంపి అక్కడ నెగ్గుకొద్దాం అనుకునేవాళ్లు, అమెరికాలోనే వెన్న కాచి చేసిన నెయ్యితో పోటీ పడాలి అని గుర్తుపెట్టుకోండి, నాకు తెలిసి అది గెలిచే ఆట కాదు. మంచి ఆవు నెయ్యి, మంచి సీసా, మంచి ధర ఉన్నవాళ్లు కోటా లేకుండానే పంపుకుంటున్నారు.

అపోహ: లైసెన్స్ అద్దెకి దొరుకుతుంది.

దొరకదు. సరుకు అక్కడి కస్టమ్స్‌లో ఎంట్రీ అయ్యే సమయానికే లైసెన్స్ ఉన్నవాడి సొంతం అయ్యుండాలి, పైగా లైసెన్స్‌లో రాసిన దేశంలో తయారైందే అయ్యుండాలి. దుబాయ్‌లో దింపి కొత్త బిల్లేసి పంపుదాం అనే తెలివితేటలు ఇక్కడ పనికిరావు.

అపోహ: డిసెంబర్ 31 లోపు షిప్‌మెంట్ అయితే చాలు.

దీని దగ్గర నేనే బోల్తా పడ్డాను. 2024లో ఒక పార్టీకి నవంబర్ మొదట్లో చెన్నై పోర్టు నుంచి కంటైనర్ లోడ్ చేయించాం, బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడెక్కిందని ఇచ్చే కాగితం, చేతికొచ్చింది కదా అని నేను నిమ్మళంగా పడుకున్నా. ఎర్ర సముద్రంలో గొడవల వల్ల ఓడ ఆఫ్రికా మొత్తం చుట్టుకుని పోవాలి, మధ్యలో ఇంకో ఓడకి మార్చాలి, చేరేసరికి జనవరి వచ్చేసింది. లైసెన్స్ క్యాలెండర్ ఇయర్‌కే, చూసేది అక్కడ ఎంట్రీ అయిన తేదీని, మనం ఎక్కించిన తేదీని కాదు. నా అదృష్టం కొద్దీ బయ్యర్‌కి కొత్త ఏడాది లైసెన్స్ కూడా ఉంది, అందులోంచి తీసుకున్నాడు, కానీ ఆ రెండు వారాలు పార్టీ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఇప్పుడు అక్టోబర్ దాటితే ఆ ఏడాది లైసెన్స్ మీద లోడింగ్ ఒప్పుకోను.

ఇంకోటి, బయ్యర్ తన లైసెన్స్‌లో కనీసం 85 శాతం వాడాలి, వాడలేనిది అక్టోబర్ 1 లోపు వెనక్కిచ్చేయాలి, లేకపోతే తర్వాత ఏడాది లైసెన్స్‌కే ఎసరు. అందుకే వేసవి చివర్లో కొంతమంది బయ్యర్లు అకస్మాత్తుగా ప్రేమగా మాట్లాడతారు, వాళ్లకి తెచ్చుకోవాల్సిన బాకీ ఉంటుందన్నమాట. అప్పుడే ధర గట్టిగా అడగండి.

అపోహ: మన దేశంలో పాల మీద కోటాలేం లేవు.

ఉన్నాయి, దిగుమతి వైపు. పాలపొడి 10,000 టన్నుల వరకు 15 శాతం, ఆపైన 60 శాతం. ఎగుమతి వైపు కోటా లేదు కానీ గ్యారంటీ కూడా లేదు, 2011 ఫిబ్రవరిలో పాలపొడి ఎగుమతే ఆపేశారు, మళ్లీ తెరిచింది 2012 జూన్‌లో. ఆ టైమ్‌లో ఆర్డర్లు చేతిలో పెట్టుకుని కూర్చున్నవాళ్లని అడిగితే చెప్తారు.

ఇక చివరగా, "నెయ్యి పోతుంది కదా, పాలకోవా కూడా కోటాలో పంపుదాం" అని అడిగేవాళ్లకి. అది కోటా దాకా రాదండీ, దానికంటే ముందే గాలికుంటు వ్యాధి దగ్గర ఆగుతుంది. మన దేశంలో ఆ జబ్బు ఉంది, 2019 నుంచి కేంద్రం పశువులకి పెద్ద ఎత్తున టీకాలు వేయిస్తున్నా ఇంకా పోలేదు, కాబట్టి మన పాలతో చేసిన చాలా వస్తువులకి అమెరికా పశు ఆరోగ్య విభాగం పర్మిట్లు, షరతులు పెడుతుంది. నెయ్యి, వెన్న లాంటివి ఆ నిబంధనల నుంచి మినహాయింపులో ఉన్నాయి. గుంటూరాయనకి ఇదంతా చెప్పాక ఒక నిమిషం మాట్లాడలేదు, తర్వాత "సరే అన్నా, బయ్యర్‌ని కాపీ అడుగుతా" అన్నాడు. ఇంకా రాలేదు.