విష్ణుక్రాంతం: పేరు ఒకటే, మొక్కలు మూడు (అపోహలు - వాస్తవాలు)

చవితికి విశాఖ పూర్ణా మార్కెట్‌లోనో ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లోనో కొన్న పత్రి కట్టను ఒకసారి విప్పి చూడండి. మారేడు, గరిక, ఉమ్మెత్త ఎవరైనా పోల్చుకుంటారు. చిక్కు వచ్చేది పదకొండో పత్రి దగ్గర. విష్ణుక్రాంతం పేరుతో ఏ ఆకు పెట్టినా అడిగేవారుండరు.

అపోహ: నీలిరంగు మెరుపును బట్టి "విష్ణుకాంతి" అన్నారు, అదే విష్ణుక్రాంతం అయింది.

కాంతికీ దీనికీ చుట్టరికం లేదు. క్రాంత అంటే అడుగు పడినది. ఆక్రమణ, సంక్రాంతి, త్రివిక్రముడు, అన్నీ ఆ ధాతువులోంచి వచ్చినవే. విష్ణువు అడుగు మోపినది అని పేరుకు అర్థం. నేలను కరుచుకుని పాకే మొక్కకు అతికినట్టుంటుంది. నోటిలో రకారం జారి "విష్ణుకాంత" అనేవాళ్లున్నారు, వాడుకలో అది తప్పు కాదు. దాన్నుంచి అర్థం లాగితేనే తప్పు. అన్నట్టు, పూజలో "భిన్నదంతాయ నమః, విష్ణుక్రాంతపత్రం పూజయామి" అనే చదువుతాం. అడిగింది పత్రం. పువ్వు రాలిందని రెమ్మను పక్కన పడేయక్కర్లేదు.

అపోహ: శంఖుపుష్పాన్ని విష్ణుక్రాంతం అనేవాళ్లకు ఏమీ తెలియదు.

ఈ మాట అనేముందు అమరకోశం తీయండి. గిరికర్ణీ, విష్ణుక్రాంతా, అపరాజితా అని ఒకే వరుసలో పర్యాయపదాలుగా ఉంటాయి. అపరాజిత అంటే శంఖుపుష్పమే, మన పాత తెలుగులో దింటెన. అంటే ఈ గందరగోళం నిన్నటిది కాదు. అయితే నేడు తెలుగునాట వృక్షశాస్త్రం చదివినవాళ్లు విష్ణుక్రాంతం అంటే ఇవాల్వులస్ ఆల్సినాయిడిస్ అనే చిన్న మొక్కనే చూపిస్తారు. మొక్కలకు లాటిన్ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా 1753లో దీన్ని కన్వాల్వులస్‌లో చేర్చి, 1762లో ఇవాల్వులస్‌కు మార్చాడు. మొదటి మాటలో చుట్టుకోవడం ఉంది, రెండో దానిలో విప్పుకోవడం. ఈ మొక్క దేన్నీ చుట్టుకోదు.

గుర్తు పట్టడానికి అదే మొదటి ఆధారం. తీగ కర్రకు చుట్టుకుందా? అయితే అది విష్ణుక్రాంతం కాదు. కాడలు దారంలా సన్నగా నేల మీద పరుచుకుంటాయి. ఆకు ఒకటి రెండు సెంటీమీటర్లు మించదు, వేళ్ల మధ్య రుద్దితే పట్టులాంటి నూగు తగులుతుంది. పువ్వు సెంటీమీటరు లోపే, గుండ్రం, లేతనీలం, నడుమ తెల్లని చుక్క. శంఖుపుష్పానికి ఒక్కో ఈనెకు ఐదు నుంచి ఏడు ఆకులు, మూడు నాలుగు సెంటీమీటర్ల పువ్వు, బల్లపరుపు కాయ, పైగా చిక్కుడు కుటుంబం. ఎండెక్కితే విష్ణుక్రాంతం పువ్వు ముడుచుకుంటుంది. మధ్యాహ్నం వెతికి "లేదు" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఉదయాన్నే వెళ్లండి.

అపోహ: నర్సరీలో విష్ణుక్రాంతం కుండీ దొరుకుతుంది.

దొరికేది చాలావరకు బ్రెజిల్ చుట్టం, ఇవాల్వులస్ గ్లోమరేటస్. రెండు సెంటీమీటర్ల ముదురునీలం పువ్వు, గుబురు మొక్క. అందంగా ఉంటుంది, కుండీకి పనికొస్తుంది. పత్రికి అదే వాడాలా అన్నది మీ ఇష్టం. మాకైతే మనసొప్పదు.

అపోహ: నీలి టీ పువ్వు, శంఖపుష్పి సిరప్ ఒకటే.

ఇది ప్రమాదకరమైన పొరపాటు. నీలి టీ పువ్వు అంటే శంఖుపుష్పమే. ఆయుర్వేదంలో శంఖపుష్పిగా ఎక్కువగా వాడేది మరో మొక్క, కన్వాల్వులస్ ప్రోస్ట్రేటస్. కేరళలో ఆ పేరుతో శంఖుపుష్పం వాడతారు. దాని వేరు, గింజ విరేచనకారులు. పేరు చూసి కషాయం కాస్తే కడుపు పట్టుకుని కూర్చోవాలి. మందు కోసమైతే వైద్యుణ్ణి లాటిన్ పేరు రాసిమ్మనండి.

విశాఖ చుట్టుపక్కల వానలు పడ్డాక గడ్డి పొట్టిగా ఉన్న ఎర్రటి కంకరనేలల్లో వెతకండి. కంబాలకొండ అభయారణ్యంలో మాత్రం కోయకూడదు. పీకి తెచ్చి నాటితే బతకడం కష్టం: వేరు సన్నగా కట్టెబారి లోతుకు దిగుతుంది, లాగగానే తెగుతుంది. ఎండిన కాయల్లోని గింజలు తీసి, సగం ఎర్రమట్టి, సగం గరుకు ఇసుక కలిపిన కుండీలో పైపైన చల్లండి. పూర్తి ఎండ కావాలి. పైమట్టి ఆరాకే నీళ్లు, లేకపోతే మొదలు కుళ్లుతుంది.