బైపీసీ, బీఎస్సీ ఫిజిక్స్, మధ్యలో ఒక వజ్రం

ఇంటర్‌లో లెక్కలు చదవనివాళ్లకి బీఎస్సీ ఫిజిక్స్‌లో సీటివ్వొచ్చా అన్న గొడవ అడ్మిషన్ల వేళకి బెంగళూరులో మళ్లీ లేచింది. నీట్‌లో ర్యాంకు రాక అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఇక్కడికొచ్చే బైపీసీ పిల్లల తల్లిదండ్రులు కాలేజీ ఆఫీసుల్లో అడుగుతున్నది ఇదే. వాళ్ల చేతిలో ఉన్న ఆధారం 2024 డిసెంబర్‌లో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా, కోరుకున్న సబ్జెక్టులో ప్రవేశ పరీక్ష గట్టెక్కితే డిగ్రీలో ఆ సబ్జెక్టు చదవొచ్చని అందులో ఉంది. ఇంజినీరింగ్ ప్రవేశాల్లో మ్యాథ్స్, ఫిజిక్స్ నిబంధనని 2021లో ఏఐసీటీఈ సడలించబోయినప్పుడు రేగిన దుమారం అందరికీ గుర్తే.

బెంగళూరు పాత మూడేళ్ల బీఎస్సీలో ఈ ప్రశ్నకి చోటే లేదు. పీసీఎం, పీఎంఈ, పీఎంసీఎస్ అనే మూడేసి సబ్జెక్టుల గ్రూపుల్లో ఫిజిక్స్ పక్కన మ్యాథ్స్ జతపడే ఉండేది. 2021లో కొత్త విద్యా విధానం కింద ఆ ముడి సడలింది. 2024లో కర్ణాటక మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చింది గానీ, ‘జత తప్పనిసరి ఎందుకు’ అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. తలుపు తెరవమనేవాళ్ల వాదన చిన్నదే: అవసరమైన లెక్కలు బ్రిడ్జి కోర్సులో నేర్పొచ్చు, ప్రయోగాలు చేసేవాళ్లకి లెక్కలు అంతగా అక్కర్లేదు, ఫిజిక్స్ అంటే ముందు ప్రకృతిని చూడటం. ఈ మూడో మాట దగ్గర ఎవరో ఒకరు సీవీ రామన్ పేరు ఎత్తుతారు.

ఎత్తాల్సిన పేరే. అయితే లెక్కలకీ ప్రయోగానికీ మధ్య బెంగళూరులో జరిగిన అసలు తగువు చూస్తే, ఆ పేరు వాళ్ల వైపు అంత బలంగా నిలబడదు.

రామన్ 1933లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా వచ్చారు. ఆయన లెక్కలకి దూరంగా ఉన్న మనిషి కాదు. శబ్దతరంగాలు పారుతున్న ద్రవంలోంచి కాంతి వెళ్తే పక్కలకి చీలి అనేక చారలవుతుంది. దాని సిద్ధాంతాన్ని నాగేంద్రనాథ్‌తో కలిసి 1935, 36ల్లో వరస పత్రాల్లో ఇచ్చారు. ఒక్కో చార వెలుగు ఎంతో బెసెల్ ఫంక్షన్ (సైన్‌లాగే పైకీ కిందికీ ఊగుతూ పోయే ఒక ప్రమేయం) వర్గం చెబుతుంది. శబ్ద తీవ్రత పెంచుతూ పోతే, సూత్రంలోని రాశి 2.405 చేరిన చోట మధ్య చార పూర్తిగా ఆరిపోతుంది, ఇంకా పెంచితే మళ్లీ వెలుగుతుంది. బెసెల్ ఫంక్షన్ సున్నా ఎక్కడుందో తెలియనివాడు అలా ఆరిపోవడం చూస్తే పరికరం పాడైందనుకుంటాడు.

ఆ 1935లోనే రామన్ పిలుపు మీద క్వాంటం సిద్ధాంతవేత్త మాక్స్ బోర్న్ బెంగళూరు వచ్చి కొన్ని నెలలున్నారు. ఆయన్ని ఇక్కడే ప్రొఫెసర్‌గా ఉంచాలన్న రామన్ ప్రయత్నం సంస్థ లోపలి వ్యతిరేకత వల్ల ఫలించలేదు. 1936లో బోర్న్ ఎడిన్‌బరో వెళ్లిపోయారు. తర్వాత కొన్నేళ్లకే ఇద్దరూ ఎదురెదురు నిలబడ్డారు. వాళ్ల మధ్యనున్నది వజ్రం.

వజ్రం మీద కాంతి వేస్తే, చెదిరిన కాంతిలో సెంటీమీటరుకి 1332 తరంగాల తేడాతో ఒకే ఒక పదునైన గీత కనిపిస్తుంది. ఒకటే ఎందుకు? దీనికి జవాబిచ్చే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో ఇద్దరు మనవాళ్లున్నారు. కృష్ణా జిల్లాలో పుట్టి, తర్వాత 1957లో ఇదే ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరైన సూరి భగవంతం ఒకరు, వాల్తేరులో ఆయనతో కలిసి పనిచేసిన టి. వెంకటరాయుడు మరొకరు. 1939లో వచ్చిన వాళ్ల పత్రం స్ఫటికాల కంపనాలని గ్రూప్ థియరీతో, అంటే సౌష్ఠవాల గణితంతో, లెక్కపెట్టడం చూపింది. వజ్రానికి ఆ లెక్క అర పేజీ పని. స్ఫటికమంతా పదే పదే వచ్చే అతి చిన్న ముక్క, అంటే మూల కణికలో పరమాణువులు రెండు, కదలికలు ఆరు. స్ఫటికాన్ని మార్చకుండా ఉంచే 48 సౌష్ఠవ క్రియల్లో ఒక్కొక్కటి ఎన్ని పరమాణువులని తమ చోటే ఉంచుతుందో చూడాలి. అద్దంలాంటి క్రియలైతే మైనస్ ఒకటికి, మిగతావాటికి ప్లస్ ఒకటికి, తిప్పిన కోణం కొసైన్‌కి రెట్టింపు కలిపి, వచ్చినదాన్ని అలా చోటు మారని పరమాణువుల సంఖ్యతో గుణించాలి. ఏమీ కదపని క్రియకి 6, మూడు అర్ధభ్రమణాలకి −2, ఆరు పావుభ్రమణ ప్రతిబింబాలకి −2, ఆరు అద్దాలకి 2 వస్తాయి, మిగతావన్నీ సున్నా. రామన్ గీతనిచ్చే త్రిగుణ కంపనానికి (ఒకే పౌనఃపున్యమున్న మూడు కదలికలకి) గ్రూప్ థియరీ ఇచ్చే అంకెల పట్టికతో గుణించి కూడితే 18, 6, 12, 12 కలిసి 48. దాన్ని 48తో భాగిస్తే ఒకటి. గీత ఒకటే. మిగతా మూడు కదలికలూ శబ్దతరంగాలవి.

ఇక్కడిదాకా పేచీ లేదు. 1940ల్లో ఆర్.ఎస్. కృష్ణన్ ఇదే ఇన్‌స్టిట్యూట్‌లో పాదరసపు 2536.5 ఆంగ్‌స్ట్రామ్ కాంతితో వజ్రాన్ని గంటల తరబడి ఫొటో తీసినప్పుడు, 1332కి రెట్టింపు తేడా దాకా పరుచుకున్న మసక వర్ణపటం ఒకటి బయటపడింది. అందులో అక్కడక్కడా పదునైన శిఖరాలున్నాయి. శిఖరం కంటికి కనిపిస్తోంది కాబట్టి పౌనఃపున్యాలు విడివిడిగా, లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయన్నారు రామన్. ఆయన లెక్క ప్రకారం కణికని మూడు దిక్కులా రెట్టింపు చేస్తే 45 కంపనాలు వస్తాయి, సమానమైనవి కలిపితే వజ్రానికి ఎనిమిది పౌనఃపున్యాలు తేలతాయి. బోర్న్ వైపు సిద్ధాంతం అవి నిరంతరంగా పరుచుకుని ఉంటాయంది. ఆ సిద్ధాంతం స్ఫటికం ఒక చివరని రెండో చివరతో కలిపేసినట్టు అనుకుని మొదలవుతుంది. నిజమైన వజ్రానికి అలాంటి అతుకెక్కడుంది అన్నది రామన్ అభ్యంతరం. వినడానికి సబబుగానే ఉంటుంది, అందుకే ఆ మాట చాలాకాలం బతికింది.

దాన్ని తీర్చింది మొదట లెక్క, తర్వాత ప్రయోగం. అంచులు మార్చితే కంపనాల పంపిణీ మారేది ఉపరితలంలోని పరమాణువుల సంఖ్య మేరకేనని 1944లో లెడర్‌మన్ నిరూపించారు. ఘన సెంటీమీటరు వజ్రంలో ఆ వాటా కోటిలో ఒకటి స్థాయిది. 1948లో బోర్న్ శిష్యురాలు హెలెన్ స్మిత్ నిరంతర సిద్ధాంతంతోనే ఆ మసక వర్ణపటాన్ని లెక్కకట్టి చూపారు. 1950ల చివర్లో కెనడాలో బ్రోక్‌హౌస్, మన పీకే అయ్యంగార్ కలిసి వజ్రం లాంటి నిర్మాణమే ఉన్న జర్మేనియంని న్యూట్రాన్లతో కొలిస్తే నిరంతరమైన వక్రరేఖలే వచ్చాయి. రామన్ మాత్రం తన మాట వదల్లేదు.

మరి ఆ శిఖరాలు? అవి నిజమే. ఒకే రకం పరమాణువుల వరసలో పౌనఃపున్యం తరంగ సంఖ్యతో సైన్ వంపులా పెరుగుతుంది, పైకి చేరేసరికి వాలు సున్నా అవుతుంది. వాలు సున్నా దగ్గర తరంగ సంఖ్య కాస్త మారినా పౌనఃపున్యం దాదాపు కదలదు, కాబట్టి కంపనాలు అక్కడ ఎక్కువగా గుమిగూడతాయి. మూడు దిక్కుల స్ఫటికంలోనూ అలాంటి చోట్లు ఉండి తీరాలని 1953లో వాన్ హోవ్ చూపారు. రామన్ ఎనిమిదీ నిరంతర వక్రరేఖల మీద ఎంచిన కొన్ని బిందువుల పౌనఃపున్యాలే. కృష్ణన్ ప్లేటులో తప్పు లేదు. తప్పంతా దాన్ని చదవడంలో జరిగింది, ఆ చదవడానికి కావలసింది డెరివేటివ్, అంటే వాలు, సున్నా అన్న ఒక్క భావన.

ఇప్పటి గొడవలో ఎవరూ మాట్లాడని సంగతి ఇక్కడే తగులుతుంది. ఆ ‘డెరివేటివ్ సున్నా’ మన ఇంటర్ లెక్కల పాత నాలుగు పేపర్ల (1ఏ, 1బీ, 2ఏ, 2బీ) పద్ధతిలో ఎక్కడుండేదో చూడండి: 1బీ చివరి అధ్యాయంలో, గరిష్ఠ కనిష్ఠ విలువల కింద. ఫిజిక్స్‌లో వేగాన్ని డెరివేటివ్‌గా రాసేది మాత్రం మొదటి సంవత్సరం మొదటి నెలల్లోనే. సరళ హరాత్మక చలనం మొదటి సంవత్సరపు ఫిజిక్స్, దాని అవకలన సమీకరణం రెండో సంవత్సరం 2బీ ఆఖరి పాఠం. ఎంపీసీ పిల్లాడు కూడా ఫిజిక్స్‌ని లెక్కలు రాకముందే చదివి, లెక్కలొచ్చాక వెనక్కి తిరిగి చూడడు. బైపీసీ వాళ్లకి వెనక్కి చూసే అవకాశమే ఉండదు. తేడా అంతే, కానీ డిగ్రీలో ఆ తేడా పెద్దది.

మొదటి సెమిస్టర్‌లో పట్టు తప్పేది ఎక్కడో ఈ పాఠం చెప్పేవాళ్లందరికీ తెలుసు. లోలకంతో గురుత్వ త్వరణం కొలిచేటప్పుడు కాలంలో ఒక శాతం తప్పు జవాబులో రెండు శాతమవుతుంది. లాగరిథమ్‌ని అవకలనం చేయడం వచ్చినవాడికి ఇది ఒక వరస, రానివాడికి బట్టీ. గాస్ నియమంలో విద్యుత్ క్షేత్రాన్ని సమాకలనంలోంచి బయటికి లాగేస్తారు. ఉపరితలమంతటా అది ఒకేలా ఉన్నప్పుడే అలా లాగొచ్చు. గోళానికి చెల్లుతుంది, పొట్టి కడ్డీకి చెల్లదు. ఉష్ణగతిశాస్త్రంలో పాక్షిక అవకలజం రాస్తారు గానీ ఏ రాశిని స్థిరంగా పట్టుకున్నారో రాయరు. దాంతో రెండు విశిష్టోష్ణాల తేడా దగ్గర ఏదో ఒక జవాబు వస్తుంది.

అందుకని బ్రిడ్జి కోర్సు పనికిరాదని కాదు, రెండు వారాలది పనికిరాదు. ఒక సెమిస్టర్ పాటు రోజుకో గంట కావాలి. గ్రాఫులు, అవకలనం, ఘాతాంకం, లాగరిథమ్, సమాకలనం, సదిశలు, సంకీర్ణ సంఖ్యలు, రెండో క్రమపు అవకలన సమీకరణాలు, పాక్షిక అవకలజాలు ఆ క్రమంలో రావాలి. వృత్తాల వ్యవస్థలు, ప్రస్తారాలు వదిలేసినా నష్టం లేదు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 2011లో మొదలుపెట్టిన నాలుగేళ్ల డిగ్రీలో మొదటి సెమిస్టర్లలో అందరూ లెక్కలు చదవాల్సిందే, బయాలజీ ఎంచుకునేవాళ్లతో సహా. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ ఫిజిక్స్ సిలబస్ మొదలయ్యేదే గణిత పద్ధతులతో.

యూజీసీ ముసాయిదా తాళంచెవి ప్రవేశ పరీక్ష చేతిలో పెట్టింది. ఆ ఫిజిక్స్ పేపర్‌లో సూత్రంలో అంకెలు వేసి నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించే ప్రశ్నలే ఉంటే, లెక్కలొచ్చినవాణ్నీ రానివాణ్నీ అది విడదీయదు. ఒక గ్రాఫు ఇచ్చి వాలు ఎక్కడ సున్నా, అక్కడ ఏమవుతుంది అని అడిగితే విడదీస్తుంది. బెంగళూరు కాలేజీల్లో సొంత పరీక్ష పెట్టుకోబోయేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఆ ప్రశ్నపత్రం ఎవరు తయారుచేస్తారన్నదే.